బెర్లిన్‌లో ఒక వీకెండ్: టెక్నో వినడం నాకెలా వచ్చిందంటే

మా పిన్ని కూతురు బెర్లిన్‌లో ఉండబట్టి ఆరేళ్లయింది. నేనుండేది లైప్‌జిగ్‌లో, రైలెక్కితే గంటంబావు. ప్రతి వేసవిలోనూ ఫోన్ చేసి, "అక్కా, ఒక్క వీకెండ్ నాతో క్లబ్బులకి రా. నీకు టెక్నో వినిపించాలి" అంటుంది. ప్రతిసారీ నేను ఒకటే అనేదాన్ని: "తాళం ఉంది సరే, అందులో పాట ఏదే?"

చిన్నప్పుడు ఎనిమిదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. కచేరీలు చెయ్యలేదు గానీ చెవి మాత్రం అలా తయారైపోయింది. ఏది విన్నా ముందు రాగం వెతుక్కుంటుంది. ఆ చెవికి టెక్నోలో, అంటే క్లబ్బుల్లో వాయించే ఆ మెషిన్ సంగీతంలో, పట్టుకోవడానికి ఏమీ దొరికేది కాదు. పక్కింటివాళ్లు గోడకి మేకులు కొడుతున్నట్టు ఉండేది, అంతే.

ఈ జూన్‌లో వెళ్లాను. 41 ఏళ్ల వయసులో, మొదటిసారి, శుక్రవారం రాత్రి నుంచి ఆదివారం సాయంత్రం దాకా. నాలాగే "ఇందులో ఏముంది" అనుకునేవాళ్ల కోసం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

శుక్రవారం సాయంత్రం ఆరింటికి వాళ్లింటికి చేరాను. అన్నం పెట్టి, వెంటనే పడుకోమంది. ఇప్పుడా అన్నాను. "ఇప్పుడే. పన్నెండున్నరకి నేను లేపుతాను." అక్కడ క్లబ్బులు పదకొండుకో పన్నెండుకో తెరుస్తారు, రెండైతే గానీ నిండవు. పొద్దున దాకా, ఒక్కోచోట మర్నాడు మధ్యాహ్నం దాటినా నడుస్తూనే ఉంటాయి. రాత్రి ఫలానా టైముకి మూసెయ్యాలన్న నిబంధనని పశ్చిమ బెర్లిన్‌లో 1949లోనే ఎత్తేశారట. యుద్ధం తర్వాత నగరాన్ని పంచుకున్న సైన్యాల్లో అమెరికా అధికారిని హైంజ్ జెల్లర్‌మాయర్ అనే హోటల్ యజమాని వెళ్లి ఒప్పించాడు. ఆ పని జరగకపోయుంటే ఈ ఊళ్లో ఈ సంగీతం ఇలా ఉండేది కాదని చెల్లి నమ్మకం. మూడు రోజులయ్యాక నాకూ అలాగే అనిపించింది. ఎనిమిది గంటలు టైమున్న డీజే వాయించే తీరు వేరు, గంటన్నర ఉన్న డీజే వాయించే తీరు వేరు.

లేచేసరికి మంచం మీద నా కోసం మూడు వస్తువులు పెట్టి ఉన్నాయి. మెత్తటి అడుగున్న పాత బూట్లు, కొంచెం నగదు (చాలాచోట్ల తలుపు దగ్గర కార్డు తీసుకోరు), చిన్న డబ్బీలో ఇయర్‌ప్లగ్స్. దూది లాంటివి కావు, మధ్యలో ఫిల్టర్ ఉండే రకం. శబ్దం మొత్తాన్ని సమానంగా తగ్గిస్తాయి, సంగీతం మాత్రం బురదలో పడ్డట్టు అవ్వదు. వాటి గురించి లెక్క కూడా చెప్పింది: 85 డెసిబెల్స్ అయితే రోజుకి ఎనిమిది గంటలు వినొచ్చు, ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ టైము సగానికి సగం పడిపోతుంది, 100 దగ్గరికి వచ్చేసరికి పావుగంటే. "లోపల 100 ఉంటుందక్కా. తియ్యకు." సరేనన్నాను. ఆ మాట నిలబెట్టుకోలేదు, అది తర్వాత చెప్తాను.

శుక్ర, శని రాత్రుళ్లు మెట్రో తెల్లవార్లూ నడుస్తుంది కాబట్టి తిరిగి ఎలా వస్తామన్న టెన్షన్ లేదు. యు8 లైన్లో హైన్రిష్-హైనె-స్ట్రాసె దగ్గర దిగి కొంచెం నడిస్తే ట్రెజోర్ అనే క్లబ్. ఆ మాటకి ఇనప్పెట్టె అనీ ఖజానా అనీ అర్థం. "కథ ఇక్కణ్ణించే మొదలుపెట్టాలి" అంది చెల్లి. లైన్లో నిలబడ్డ ముప్పావుగంటా ఆ కథే చెప్పింది.

1989 నవంబర్ 9న, ఊరిని రెండు ముక్కలు చేసిన బెర్లిన్ గోడ పడింది. తూర్పు బెర్లిన్ నిండా ఫ్యాక్టరీలు, గోదాములు, ఆఫీసులు ఎవరివో తేలక ఖాళీగా పడి ఉన్నాయి. 1991 మార్చిలో డిమిట్రి హేగెమాన్, ఆయన స్నేహితులు కలిసి లైప్‌జిగర్ స్ట్రాసెలో భూమి కింద ఒక ఖజానా గదిలో క్లబ్ తెరిచారు. ఒకప్పుడు దాని పైన వెర్ట్‌హైమ్ అని చాలా పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ ఉండేది. యూదు కుటుంబానిది, నాజీలు వాళ్ల చేతుల్లోంచి లాగేసుకున్నారు. తర్వాత ఆ భవనమూ పోయింది, కింద ఖజానా మాత్రం మిగిలింది. తుప్పు పట్టిన ఊచలు, లాకర్లు అలాగే ఉంచి స్పీకర్లు పెట్టారు. అంతకు ఏడాదిన్నర ముందు దాకా గోడకి అటొకరూ ఇటొకరూగా పెరిగిన కుర్రాళ్లు పక్కపక్కన ఆడింది ఇలాంటి చోట్లలోనే. 2005లో ఆ స్థలం చేజారిపోయింది. 2007లో ఇప్పుడున్న చోట, తూర్పు జర్మనీ కాలపు పాత పవర్ ప్లాంట్‌లో మళ్లీ తెరిచారు. ఆ ఊచల్నీ లాకర్లనీ కూడా వెంట తెచ్చుకున్నారు.

"సంగీతం మాత్రం ఇక్కడ పుట్టలేదు, అది గుర్తుపెట్టుకో" అంది. హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్. డెట్రాయిట్ పక్కన బెల్‌విల్ అనే చిన్న ఊళ్లో ఒకే స్కూల్లో చదివిన ముగ్గురు నల్లజాతి కుర్రాళ్లు. 1980ల్లో డ్రమ్ మెషిన్లు, సింథసైజర్లు పెట్టుకుని వాళ్లు చేసిన దాన్నే ఇప్పుడు ప్రపంచమంతా టెక్నో అంటోంది. ట్రెజోర్ క్లబ్ తన పేరుతో రికార్డులు వెయ్యడం మొదలుపెట్టినప్పుడు మొట్టమొదటిది, 1991లో, డెట్రాయిట్‌కి చెందిన అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ వాళ్లదే. మా చెల్లికి దీని మీద చాలా పట్టింపు. టెక్నో అంటే జర్మన్ల సంగీతం అని ఎవరైనా అంటే అక్కడే ఆపి ఈ ముగ్గురి పేర్లూ చెప్తుంది.

తలుపు దగ్గర ఒకావిడ ఎంతమంది అని అడిగింది, ఇద్దరం అన్నాం, పక్కకి జరిగి దారిచ్చింది. లోపల ఫోన్లు తీసుకుని ముందూ వెనకా ఉన్న కెమెరాల మీద స్టిక్కర్లు అంటించారు. మణికట్టు మీద స్టాంప్ వేశారు. ఫొటోలు తియ్యకూడదన్న ఈ నియమం మొదట్లో నాకు విడ్డూరంగా తోచింది. లోపల పది నిమిషాలున్నాక దాని విలువ తెలిసింది. ఒక్క చేతిలోనూ ఫోన్ వెలుగు లేదు. నన్నెవరూ చూడ్డం లేదు, నేను ఎలా ఆడుతున్నానో రేపు ఎక్కడా కనపడదు. 41 ఏళ్ల ఆడదానికి ఇది ఎంత తేలిక చేస్తుందో చెప్పలేను.

కింది గదికి వెళ్లాలంటే పొడుగాటి సొరంగం ఒకటి దాటాలి, 30 మీటర్లుంటుంది. చీకటి, పొగ. ఆ సొరంగంలో నడిచిన అర నిమిషమే నాకు మొదటి పాఠం. మొదలులో వినపడింది కిక్ ఒక్కటే, అంటే డ్రమ్ తాలూకు అడుగు దెబ్బ. అదీ చెవికి కాదు, పాదాలకీ పక్కటెముకలకీ. ఇంకొంచెం ముందుకెళ్తే కిక్‌కీ కిక్‌కీ మధ్య ఏదో గుండ్రంగా దొర్లుతోంది, అది బేస్, అంటే మంద్రస్వరం. ఇంకొంచెం వెళ్తే చప్పట్లలాంటిది. చివరి నాలుగడుగుల్లో సన్నటి ఇసుక చల్లినట్టు హై హ్యాట్, అంటే డ్రమ్ సెట్‌లో ఉండే రేకు తాళాల చప్పుడు, వచ్చి పైన కూర్చుంది. అప్పటిదాకా నాకు ఒకే మోత అనిపించింది నా కళ్ల ముందే నాలుగు పొరలుగా విడిపోయింది.

గది పెద్దదేం కాదు. ఎర్రటి వెలుగు, మధ్యమధ్య తెల్లటి మెరుపులు, పక్కన మనిషి కూడా సరిగ్గా కనపడనంత పొగ. డీజే ఊచల వెనక ఉన్నాడు. గోడ పక్కన ఆ పాత లాకర్లు, కొన్ని తలుపులు వంగిపోయి, కొన్నింటికి అసలు తలుపుల్లేకుండా. ఒకదాని అంచు మీద వేలు పెట్టాను. తుప్పు గరుకుగా తగిలింది, కిక్ పడ్డప్పుడల్లా ఆ రేకు నా వేలి కింద చిన్నగా అదురుతోంది.

మొదటి గంట కష్టంగానే గడిచింది, ఒప్పుకోవాలి. ఏం వినాలో తెలియదు. పల్లవి వస్తుందేమోనని ఎదురుచూస్తున్నాను, రావట్లేదు. ఇక ఏం చెయ్యాలో తోచక, చిన్నప్పటి అలవాటు కొద్దీ, తొడ మీద చేత్తో ఆదితాళం వెయ్యడం మొదలుపెట్టాను. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు. దెబ్బ, తిప్పు. దెబ్బ, తిప్పు. వేగం ఎక్కువ కాబట్టి అక్షరానికి, అంటే తాళంలో ఒక్కో లెక్కకి, రెండు కిక్కులు చొప్పున పట్టుకున్నాను. అలా ఒక ఆవర్తనానికి, అంటే ఎనిమిది లెక్కల చుట్టుకి, 16 కిక్కులు.

నాలుగైదు ఆవర్తనాలు వేశానో లేదో ఒళ్లు జలదరించింది. రెండో ఆవర్తనం పూర్తయి మళ్లీ మొదటి దెబ్బ పడే చోట, కచ్చితంగా అక్కడే, హై హ్యాట్ మాయమైంది. ఇంకో రెండు ఆవర్తనాలు. మొదటి దెబ్బ దగ్గర ఎక్కణ్ణించో లోహం రాసుకున్నట్టు కొత్త ధ్వని. ఇంకో రెండు. ఆ ధ్వని కొంచెం పదునెక్కింది. మార్పు లేదనుకున్న చోట ప్రతి 32 కిక్కులకీ ఒక మార్పు వస్తోంది. వేగం నిమిషానికి 130 పైచిలుకు కిక్కులు కాబట్టి దాదాపు ప్రతి పదిహేను సెకన్లకీ ఒకటి. ఏదో ఒకటి వచ్చి చేరుతోంది, లేదా సెలవు తీసుకుంటోంది. నేను స్వరాల్లో వెతుకుతున్నది వీళ్లు నాదంలోనే చేస్తున్నారు. ఒకే స్వరం తీసుకుని దాని గొంతుని మారుస్తూ పోతున్నారు.

చెల్లి చెయ్యి పట్టుకుని ఆ చెయ్యి మీదే తాళం వేసి చూపించాను. తనకి సంగీతం రాదు, అయినా రెండో ఆవర్తనం చివర కళ్లు పెద్దవి చేసింది. ఆరేళ్లుగా వింటోంది గానీ లెక్క పెట్టలేదట. ఆ తర్వాత రెండు గంటలు ఎలా గడిచాయో తెలియదు.

తప్పు చేసింది అప్పుడే. ఇంత బాగుంటే అసలు ధ్వని ఎలా ఉంటుందోనని ఇయర్‌ప్లగ్స్ తీసి జేబులో వేసుకున్నాను. గంటసేపైనా అలాగే ఉన్నాను. ఐదింటికి బయటికొచ్చేసరికి పూర్తిగా తెల్లారిపోయింది, జూన్‌లో అక్కడ ఐదుకి ముందే సూర్యోదయం. పిచ్చుకల అరుపులు వినపడాల్సిన చోట చెవుల్లో సన్నటి ఈల. శనివారం మధ్యాహ్నం దాకా అది పోలేదు. చెల్లి నిజంగానే కోప్పడింది. "పాటలు పాడేదానివి, నీకు చెవులు ఎంత ముఖ్యం?" అంది. నేనేం మాట్లాడలేదు. ఈల తగ్గే దాకా భయం భయంగానే గడిపాను. ఎవరైనా వెళ్తే ఈ ఒక్క విషయం మాత్రం నా మాట వినండి, లోపల ఉన్నంతసేపూ తియ్యకండి.

శనివారం పగలంతా నిద్ర, సాయంత్రం వంటగదిలో కబుర్లు. నేను ఆదితాళం సంగతి మళ్లీ మళ్లీ చెప్తుంటే చెల్లి లేచి, చాలా తక్కువ సౌండ్‌తో ఒక రికార్డు పెట్టింది. కింద డ్రమ్ మెషిన్, పైన సింథసైజర్ మీద ఎవరో రాగం వాయిస్తున్నారు. "ఎప్పటిదో చెప్పు" అంది. ఈమధ్యదే అనుకున్నాను. 1982. ముంబైలో సినిమా పాటలకి వాయించిన చరణ్‌జిత్ సింగ్ అనే ఆయన పది హిందుస్తానీ రాగాల్ని డిస్కో తాళానికి కూర్చి చేసిన రికార్డు. రోలాండ్ కంపెనీ టీఆర్-808 డ్రమ్ మెషిన్, టీబీ-303 బేస్ మెషిన్ వాడాడు. ఆ 303ని 1981లో తెచ్చింది ఒంటరిగా సాధన చేసుకునే గిటారిస్టులకి పక్కవాద్యంగా ఉంటుందని. అలా ఎవరూ వాడలేదు, కంపెనీ కొన్నేళ్లకే ఆపేసింది. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికితే షికాగో కుర్రాళ్లు కొనుక్కుని దాని మీటలు అడ్డదిడ్డంగా తిప్పి, 1987లో యాసిడ్ హౌస్ అనే కొత్త రకమే పుట్టించారు. దానికి ఐదేళ్ల ముందే అదే మెషిన్ మీద ముంబైలో ఒకాయన రాగాలు వాయించాడు. అప్పట్లో పట్టించుకున్నవాళ్లు లేరు. 2010లో రికార్డుని మళ్లీ విడుదల చేశాకే లోకానికి తెలిసింది. ఆయన 2015లో పోయారు.

అందులో మాల్కౌంస్ ఉంది. మన హిందోళం. మొదటి రెండు స్వరాలకే పట్టేశాను. చెవిలో ఆ ఈల ఇంకా లీలగా ఉంది, దాని కింద హిందోళం, దాని కింద 808. నేను ఆ పూట కదల్లేకపోయాను. యమన్, అంటే మన కల్యాణి, వచ్చేసరికి ఆ స్వరాలు గొంతులోనే అనుకుంటూ కూర్చున్నాను.

శనివారం రాత్రి మాత్రం బాగా మొదలవలేదు. చెల్లికి ఇష్టమైన క్లబ్ ఒకటుంది, పేరు చెప్పను. ఒంటిగంట నుంచి దాదాపు రెండు గంటలు లైన్లో నిలబడ్డాం. ముందు నలుగురు వెళ్లారు, ఇద్దర్ని పంపేశారు, మా వంతు వచ్చింది. తలుపు దగ్గరాయన మా ఇద్దర్నీ చూశాడు, జర్మన్‌లో "ఈ రోజు కుదరదు" అన్నాడు. అంతే, ఒక్క వాక్యం. ఎందుకని అడక్కూడదట, అడిగినా చెప్పరట. పక్కకి తప్పుకుని, మా వెనక లైన్లో ఉన్నవాళ్లందరి ముందు నుంచీ నడిచి వెళ్లాం.

నాకు బాధేసింది. వయసు వల్లా, రంగు వల్లా, వేసుకున్న బట్టల వల్లా అని ఆలోచించుకుంటూ నడిచాను. చెల్లి తన వైపు నుంచి చెప్పింది. ఈ క్లబ్బుల్లో చాలావాటిని మొదట్నించీ నిలబెట్టింది గేలు, లెస్బియన్లు, ట్రాన్స్ మనుషులు. బయట ఎక్కడా ధైర్యంగా ఉండలేనివాళ్లకి లోపల భయం లేకుండా ఉండాలంటే తలుపు దగ్గర ఎవరో ఒకరు చూసుకోవాలి, వేళాకోళానికి వచ్చేవాళ్లని ఆపాలి. ఆ కారణం నాకు అర్థమైంది, సరైనదే అనిపించింది కూడా. కానీ రెండు గంటలు నిలబడ్డ మనిషికి ఒక ముక్క కారణం చెప్పి పంపితే పోయేదేముంది? దీని మీద మా ఇద్దరికీ ఇప్పటికీ కుదరలేదు.

మూడున్నరకి క్రాయ్‌ట్స్‌బెర్గ్ పేటలో ఒక చిన్న చోటుకి తీసుకెళ్లింది. కిందటి రాత్రిది టెక్నో, ఇక్కడ హౌస్ అనే ఇంకో రకం. నూటయాభై మంది పడితే ఎక్కువ. పొగ లేదు, తక్కువ ఎత్తు పైకప్పు, మనుషుల ముఖాలు కనపడుతున్నాయి. వేగం కూడా తక్కువ, నిమిషానికి 122 కిక్కులు అలా. గొంతులున్నాయి, పియానో ఉంది. కిక్ అదే, కానీ దాని మీద నడక వేరు, నడుముతో ఆడే సంగీతం. అవమానం ఇంకా పోలేదేమో, వెళ్లి మూలన నిలబడ్డాను. ఆ మూల సరిగ్గా డీజే బల్ల పక్కన. ఈ వీకెండ్ మొత్తంలో నాకు దొరికిన అదృష్టం ఆ మూల.

ఆవిడకి యాభై ఉంటాయి. రికార్డులు తిప్పే టర్న్‌టేబుల్స్ రెండు, మధ్యలో వాటి ధ్వనుల్ని కలిపే మిక్సర్, కాళ్ల దగ్గర పన్నెండంగుళాల రికార్డుల సంచులు రెండు. ఒక రికార్డు జనానికి వినపడుతుంటే రెండోది ఆవిడ ఒక్క చెవికే వినపడుతోంది. హెడ్‌ఫోన్‌ని ఎడమ భుజానికీ చెవికీ మధ్య ఇరికించింది. కుడి చెవి మాకిచ్చిన పాట మీద, ఎడమ చెవి రాబోయే పాట మీద. రెండో రికార్డు కొంచెం వెనకపడితే మధ్యలో ఉన్న లేబుల్ని వేలి కొసతో ముందుకి తోస్తుంది. ముందుకెళ్లిపోతే పళ్లెం అంచుని చూపుడువేలితో ఒత్తి ఆపుతుంది, అదీ ఈక ఆనినట్టు. పక్కనున్న వేగం మార్చే మీటని వెంట్రుకవాసి జరుపుతుంది. ఇలా ఒక నిమిషం. తర్వాత వేళ్లు తీసేసి, రెండింటినీ వాటి మానాన వదిలేసి, తల వంచి వింది. కలిశాయి.

అప్పుడు కూడా మాకేమీ వినపడలేదు. రెండో పాటలో బేస్ మీట మొత్తం కిందికి తిప్పేసి, పైపై చప్పట్లని మాత్రం మెల్లగా మాలోకి వదిలింది. జనం గమనించలేదు. నా చెయ్యి తొడ మీద తాళం వేస్తూనే ఉంది. రెండో ఆవర్తనం చివరి తిప్పు పడుతుండగా ఆవిడ రెండు చేతులూ మిక్సర్ మీదికి వెళ్లాయి. మొదటి దెబ్బ మీద ఎడమ చెయ్యి పాత పాట బేస్‌ని తీసేసింది, కుడి చెయ్యి కొత్త పాట బేస్‌ని తెచ్చింది. గది మొత్తం ఒక్కసారి "ఓ" అని అరిచింది. ఎందుకు అరిచామో ఎవరికీ తెలిసుండదు. పై గొంతు ఇంకా పాత పాటదే, కాళ్ల కింద నేల మాత్రం కొత్తది. ఇంకో నిమిషం దాకా ఆ రెండు పాటలూ కలిసి మూడో పాటలా ఉన్నాయి. ఆ మూడో పాట ఏ రికార్డులోనూ ఉండదు, ఆ గదిలో ఆ నిమిషం ఉండి పోయింది.

ఆవిడ తల తిప్పి నా చెయ్యి చూసింది. నవ్వి, తన వేళ్లతో బల్ల మీద అదే లెక్క కొట్టి చూపించింది. అవమానం, అలసట ఎక్కడికి పోయాయో తెలియదు. మూల వదిలి మధ్యలోకి వెళ్లాను.

హౌస్ అనే పేరు షికాగోలోని వేర్‌హౌస్ అనే క్లబ్ నుంచి వచ్చింది. 1977 నుంచి ఫ్రాంకీ నకల్స్ అక్కడ డీజే. వచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో గే కుర్రాళ్లు. డిస్కో పాటల్ని టేపు మీద కోసి అతికి, జనం వదలని భాగాన్ని పొడిగించి వాయించేవాడాయన. 1979 జూలైలో అదే ఊళ్లో బేస్‌బాల్ స్టేడియంలో డిస్కో రికార్డుల్ని పోగేసి పేల్చేశారు. డిస్కో పని అయిపోయిందన్నారు. ఈ కుర్రాళ్లు మాత్రం దాన్ని వదల్లేదు, డ్రమ్ మెషిన్లు తోడు చేసుకుని హౌస్‌గా మార్చారు. పొద్దున ఆరింటికి కాలవ గట్టు మీద కూర్చుని చెల్లి నోట ఈ కథ వింటుంటే, ఆ క్లబ్ తలుపు గురించి తను చెప్పిన మాట మళ్లీ గుర్తొచ్చింది. తోసేయబడ్డవాళ్లు తమ కోసం కట్టుకున్న గది ఇది.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి, భోంచేసి, పగటి వెలుగులో బయల్దేరాం. బెర్లిన్‌లో బాగా పేరున్న టెక్నో క్లబ్ బెర్గ్‌హైన్ మా ప్లాన్‌లో లేదు. దాని గురించి అందరూ అడుగుతారు కాబట్టి ఒక్క మాట. 2016లో అక్కడి రాత్రుల్ని కోర్టు సంగీత కచేరీల కిందే లెక్కగట్టింది, టికెట్ మీద పన్ను 19 శాతం బదులు 7 శాతం చాలంది. కచేరీ అన్న మాట నాకు నచ్చింది. శనివారం ఆవిడ చేసింది కచేరీ కాకపోతే మరేమిటి?

మేం వెళ్లింది ఓస్ట్‌క్రాయ్ట్స్ స్టేషన్ దగ్గర అబౌట్ బ్లాంక్. ఒక బృందం కలిసి నడుపుకునే క్లబ్, వెనక చెట్లున్న తోట. చెట్ల కింద నేల మీద డ్యాన్స్, దుమ్ము లేస్తోంది. అరవై దాటిన జంట ఒకటి చెప్పులు విప్పి పక్కన పెట్టి ఆడుతున్నారు. అలసిపోయిన వాళ్లు బెంచీల మీద పడుకున్నారు, ఒకమ్మాయి వచ్చి వాళ్లని నీళ్లు కావాలా, బాగానే ఉన్నారా అని అడిగి వెళ్తోంది. ఎవరికైనా ఇబ్బంది కలిగితే చూసుకోవడానికే ఉన్న టీమ్ అట. మూడు రోజుల్లో నన్ను ఒక్కరు కూడా విసిగించలేదు. చెల్లీ నేనూ మందు ముట్టలేదు, మాటె అనే టీ లాంటి ఆకుతో చేసే కూల్‌డ్రింక్ సీసాలు తాగాం. అరలీటరు సీసాలో 100 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, రెండోది తాగే ముందు ఆలోచించుకోండి.

ఆ తోట ఎంతకాలం ఉంటుందో తెలియదని చెల్లి చెప్పింది. ఏ100 హైవేని పొడిగించాలన్న ప్లాన్ ఉంది, ఆ దారి ఈ స్థలం మీదుగానే గీశారు. వాటర్‌గేట్ అని నది ఒడ్డున 22 ఏళ్లు నడిచిన క్లబ్ 2024 చివర మూసేశారు. ఇలా మూతపడడానికి జర్మన్‌లో ఒక మాటే పుట్టింది, క్లబ్‌ష్టెర్బెన్, క్లబ్బుల చావు. అదే 2024 మార్చిలో బెర్లిన్ టెక్నో సంస్కృతిని జర్మనీ తన అమూర్త వారసత్వ జాబితాలో, అంటే కట్టడాలు కాని సంస్కృతి సంపదల జాబితాలో, చేర్చుకుంది. జాబితాలో పేరున్నంత మాత్రాన అద్దె తగ్గదు, రోడ్డు వంకర తిరగదు. తోటలో నేను ఆడిన ఆ నాలుగు గంటలూ ఈ ఆలోచన వదల్లేదు. చెట్టు బోదెకి కట్టిన స్పీకర్ తీగని చూసినా దిగులేసింది.

ఏడున్నరకి నా రైలు. ఆరున్నరకి లేచాం. మేం వెళ్తుంటే డీజే కొత్త పాట కలపడం మొదలుపెట్టాడు, చప్పట్లు మాత్రం వచ్చాయి, బేస్ ఇంకా రాలేదు. ఆగుదామా అంది చెల్లి. రైలు తప్పిపోతుందన్నాను. గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేసరికి హై హ్యాట్ పోయింది. పదడుగులకి చప్పట్లు పోయాయి. మలుపు దగ్గర గొంతు పోయింది. కిక్ మాత్రం గోడ దాటి వస్తూనే ఉంది. నా చెయ్యి బ్యాగు మీద తాళం వేస్తోంది, చెల్లి కూడా వేస్తోంది, ఇద్దరం మాట్లాడుకోవట్లేదు. దెబ్బ, తిప్పు. దెబ్బ, తిప్పు. మొదటి దెబ్బ దగ్గర బేస్ మారింది. అంత దూరం నుంచి కూడా వినపడింది. చెల్లి నా వైపు చూసి "వచ్చిందక్కా" అంది. స్టేషన్ మెట్లెక్కుతుంటే మీద రైలు వచ్చి ఆగింది, ఆ చప్పుడులో కిక్ కలిసిపోయింది.